నక్క అంతరిక్షయానం, గాడిద మైకు

అడవిలో జంతువులన్నీ కలిసి ఓ రాకెట్ కట్టాయి. అందులో ఎక్కింది మాత్రం నక్క. దండ పడేది ఎక్కినవాడి మెడలోనే కదా! కింద షెడ్డులో కూర్చున్నవి మూడు: గాలీ ఇంధనమూ చూసే ఎద్దు, నక్క గుండె చప్పుడూ కెమెరా చూసే కోడి, మైకు ముందు గాడిద.

ఆ షెడ్డుకో కట్టుబాటు ఉంది. ఎవరికేం తోచినా గాడిదకే చెప్పాలి, పైకి దాని గొంతొక్కటే వెళ్ళాలి. పైనున్నవాడు విన్నమాట విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోని ప్రాణి అడవిలో గాడిదొక్కటే మరి.

నక్కకిది తల కొట్టేసినట్టయింది. "ఏం గాడిదన్నా, ఆకాశంలో ఉన్న నేను నీకు పాఠం అప్పజెప్పాలా? అడవంతా టీవీలో చూస్తోంది, నా పరువేం కాను?" అంటూ స్పీకరు కట్టేసింది. ఆపైన కెమెరా మీది ఎర్రదీపం వంక చూస్తూ తీరిగ్గా మీసాలు దువ్వుకుంది.

అంతలో ఎద్దు ఉలిక్కిపడింది. "గాడిదా! లోపల గాలి కారిపోతోంది. ఎడమ పక్క వాల్వు బిగించమను!"

"గుండె దడదడలాడుతోంది. ఇంకాసేపైతే స్పృహ తప్పుతాడు" అంది కోడి.

గాడిద అరిచింది. మళ్ళీ అరిచింది. పైన స్పీకరు కట్టేసే ఉంది. గాడిదకు ఏడుపొచ్చింది. నక్క ఎంత టెక్కులు పోయినా, క్షేమంగా ఇంటికి చేర్చే పూచీ తనదే. టీవీలో నక్క కళ్ళు మూతలు పడుతున్నాయి, చెయ్యి మాత్రం మీసం వదల్లేదు. ఆ మీసం చూశాకే గాడిదకు ఉపాయం తట్టింది.

"కోడి చెల్లీ, కెమెరా ఆపెయ్."

"ప్రాణం పోతుంటే కెమెరా గోలేంటన్నా?"

"ముందు ఆపమ్మా."

ఎర్రదీపం ఆరింది. మరుక్షణం స్పీకరు తెరుచుకుంది. "ఏమర్రా, నేను కనబడ్డం లేదా?"

"ఎడమ పక్క వాల్వు బిగిస్తే కనబడతావు బావా. బిగించి అప్పజెప్పు."

నక్క ఆదరాబాదరాగా బిగించింది. గాడిద సైగ చేసింది, కోడి కెమెరా వేసింది. "ఎడమ పక్క వాల్వు బిగించాను గాడిదన్నా, బిగించాను!" అని నక్క వల్లించడం అడవంతా చూసింది.

తిరిగొచ్చాక దండ పడింది. "గాలి కారడం నేనే కనిపెట్టి..." అని నక్క మొదలుపెట్టిందో లేదో, ముందు వరసలో కుందేళ్ళు అందుకున్నాయి: "ఎడమ పక్క వాల్వు బిగించాను గాడిదన్నా!"

గాడిద ఇవేం వినలేదు. షెడ్డులో మైకు పక్కనే గుర్రుపెట్టి నిద్రపోతోంది.

నీతి: ఎంత ఎత్తుకెళ్ళినవాడైనా నేల మాట వింటేనే నేలకు చేరతాడు.