చారల కత్తి, సిద్ధమ్మ తిత్తి

రా బుజ్జమ్మా, ఇలా నా పక్కకి జరుగు. దుప్పటి తన్నేయకు. కథ చెబుతుంటే ఊఁ కొడుతుండాలి, తెలిసిందా? ఈ కథలో ఊఁకి చాలా పని ఉంది.

అనగనగా నల్లరాళ్ళపల్లె అని ఒక ఊరు. ఆ ఊళ్ళో గురవయ్య అని ఒక కమ్మరి, ఆయన భార్య సిద్ధమ్మ. ఇంటి ముందే కొలిమి. గురవయ్య సుత్తి పట్టేవాడు, సిద్ధమ్మ తిత్తి ఊదేది. తోలుతిత్తిని నొక్కితే గాలి బుస్సుమని పోయి బొగ్గులు రాజుకుంటాయి. ఆపితే మంట తగ్గుతుంది. కమ్మరి ఇళ్ళలో ఆడవాళ్ళదే ఆ పని.

మిగతా కమ్మరులు కొడవళ్ళు చేసేవాళ్ళు, గునపాలు చేసేవాళ్ళు. గురవయ్య కత్తులు మాత్రం వేరు. కత్తిని నున్నగా సానపట్టి పైన నిమ్మరసం రుద్దితే చాలు, నీళ్ళు పారినట్టు సన్నసన్నని చారలు తేలేవి. గీసినవి కావు, చెక్కినవి కావు. ఉక్కులోంచే వచ్చేవి. చూసినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు.

ఆ ఉక్కు మామూలు ఉక్కు కాదు మరి. గురవయ్య నాన్న మట్టిమూసలో ఇనుము వేసి, గుప్పెడు తంగేడాకులు వేసి, మూత బిగించి కొలిమిలో వండేవాడు. చల్లారాక మూస పగలగొడితే లోపల బెల్లం ముద్దంత ఉక్కు. ఆ వంట తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. కొడుక్కి నేర్పుదామంటే, గురవయ్యకి సుత్తి మీదే ధ్యాస. చివరికి ముసలాయన కూడా మంచాన పడ్డాడు. ఇంట్లో మూడు ముద్దలు మిగిలాయి.

అప్పుడు ఆయన కొడుకునీ కోడల్నీ దగ్గరికి పిలిచాడు.

"గురవా, ఈ మూడు ముద్దలూ నీకురా. మంట మాత్రం కోడలికి ఇస్తున్నా. ఆమె చెప్పందే సుత్తి ఎత్తకు" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే పోయాడు.

మంట ఇవ్వడమేంటి అంటావా? ఉండు, చెబుతా. సిద్ధమ్మ కాపురానికొచ్చిన కొత్తలోనే మామగారు ఆమెకి మంట చూడటం నేర్పాడు. ఉక్కు దొండపండు రంగులో ఉండగానే కొట్టాలి. అది దాటి తంగేడు పువ్వు రంగుకి పోయిందా, లోపలి చారలు కరిగిపోతాయి. ఇక తలకిందులుగా తపస్సు చేసినా రావు. అందుకే ఆ రంగు రాగానే సిద్ధమ్మ తిత్తి ఆపి "ఊఁ" అనేది. గురవయ్య సుత్తి పడేది. బుస్సు, ఊఁ, ఠంగు. బుస్సు, ఊఁ, ఠంగు. ఏళ్ళ తరబడి అదే పాట. వినీ వినీ గురవయ్యకి ఆ ఊఁ ఒకటుందన్న సంగతే మరుపున పడింది.

ఒకరోజు పక్క కోట దొర గుర్రం దిగాడు. "నాకు ముగ్గురు కొడుకులు. మూడు చారల కత్తులు కావాలి" అన్నాడు. "అవునోయ్, ఈ చారలెలా వస్తాయి? ఎవరి పనితనం ఇది?" అని అడిగాడు.

ఊరంతా చుట్టూ మూగి ఉంది. గురవయ్య ఛాతీ ఇంత చేశాడు. "అంతా నా చేతి చలవ దొరా!"

"మరి ఆ అమ్మ?"

"ఆమెదేముంది, తిత్తి ఊదుతుంది. ఊదడానికి ఏ చెయ్యైతేనేం?"

చూశావా ఎంత మాటన్నాడో! నోరు జారితే కాలు జారినట్టు కాదే, లేచి దులుపుకోడానికి ఉండదు. సిద్ధమ్మ చెయ్యి తిత్తి మీదే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ అనుకున్నారందరూ.

దొర వెళ్ళిపోయాక ఆమె చీరల మూట కట్టుకుంది. "నేను మా తమ్ముడి ఊరు పోయొస్తా. వచ్చేదాకా మామయ్య ముద్దలు ముట్టుకోకు" అంది. ఒక్క మాట, ఉండవే అని ఒక్క మాట అంటే ఉండిపోయేది. అనలేదు. పైగా, నువ్వు లేకపోతే నా కొలిమి వెలగదా అనుకున్నాడు. మగవాడి పంతం అలాగే ఏడుస్తుంది.

అప్పుడు గురవయ్య ఏం చేశాడు? ఊళ్ళో కుస్తీలు పట్టే భీమలింగాన్ని పిలిచి తిత్తి దగ్గర కూర్చోబెట్టాడు. ఆ మహానుభావుడు బుస్సు బుస్సుమని ఊదిందే ఊదడం! ఉక్కు తెల్లగా మెరిసిపోయింది. గురవయ్య సుత్తి వేశాడు. ముద్ద అటుకుల్లా పొడిపొడై రాలిపోయింది.

"వీడికి బలం తప్ప బుర్ర లేదు" అని తిట్టుకుని, రెండో ముద్దకి తన తమ్ముడు బసవయ్యని పిలిచాడు. బసవయ్య అసలే భయస్తుడు. మొదటి ముద్ద గతి విన్నాడేమో, పిల్లికి పాలు పోసినట్టు మెల్లిగా ఊదాడు. ఉక్కు సరిగ్గా కాలలేదు. గురవయ్య విసుగెత్తి సుత్తి వేశాడు. ముద్ద నిలువునా చీలింది.

ఇక ఒక్కటే మిగిలింది. అప్పుడైనా పోయి పెళ్ళాన్ని పిలుచుకు రావాలా వద్దా? నువ్వు చెప్పు. నీకున్న పాటి తెలివి ఆయనకి లేకపోయింది. "ఎవరూ వద్దు, నేనే చేస్తా" అని తిత్తికి తాడు కట్టి కాలికి తగిలించుకున్నాడు. కాలితో ఊదాడు, చేత్తో కొట్టాడు. ఒళ్ళంతా చెమట. ఈసారి ముద్ద రాలలేదు, చీలలేదు. సాగింది, కత్తైంది. గురవయ్య పొంగిపోయాడు. సానపట్టి, నిమ్మకాయ కోసి రసం రుద్దాడు.

చారలు లేవు.

ఇంకో నిమ్మకాయ కోశాడు. రుద్దాడు. ఎండలో పెట్టి చూశాడు, నీడలో పెట్టి చూశాడు. గరిటెలా నున్నగా ఉంది కత్తి. ఒక్క చారంటే ఒక్క చార లేదు.

కాళ్ళూ చేతులూ ఆడక, కాసిని మంచినీళ్ళు తాగుదామని వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ గోడకి సిద్ధమ్మ కూరలు తరిగే చిన్న కత్తి వేలాడుతోంది. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ కలిసి చేసుకున్నది. దాని నిండా చారలే. అది చేతిలోకి తీసుకోగానే అన్నాళ్ళ ఊఁలూ ఒక్కసారిగా చెవిలో పడ్డాయి. గురవయ్య అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాన్న చెప్పిన మాట ఇప్పుడు అర్థమైంది, ముద్దలేమో అయిపోయాయి.

ఆ తర్వాత ఆ నున్నటి కత్తి పట్టుకుని బావమరిది ఊరికి పోయాడు. సిద్ధమ్మ ముందు పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒక్క ఊపు ఎక్కువైందయ్యా" అంది మెల్లిగా.

"నా బుద్ధి గడ్డి తింది సిద్ధమ్మా. ఆ చారలు నావి కావు, నీవి. ఇంటికి రా."

"ఇంకో ముద్ద ఉందా?"

గురవయ్య తల దించుకున్నాడు.

సిద్ధమ్మకీ దుఃఖం ఆగలేదు. "నేనూ పంతానికి పోయాను. అలిగితే అలిగాను, కొలిమి దగ్గరే కూర్చుని అలగాల్సింది" అని కళ్ళు తుడుచుకుని, మూట సర్దుకుని మొగుడి వెంట బయలుదేరింది.

దొర మళ్ళీ వచ్చాడు. ఈసారి గురవయ్య ఊరందరి ముందూ చెప్పాడు. "చారలు మా ఇంటిదాని కంట్లో ఉన్నాయి దొరా. నేను ఆమె మాట దాటి అన్నీ పాడుచేశాను" అని. దొరకి కావాల్సింది కత్తి కానీ ఈ గోడు కాదుగా. గుర్రమెక్కి పోయాడు. చెప్పాల్సిన రోజు చెప్పని మాట, ఆనక ఎంత గట్టిగా చెబితే మాత్రం ఏం లాభమే తల్లీ?

అప్పటినుంచీ ఆ కొలిమిలో కొడవళ్ళే, గునపాలే. కానీ మామూలు కొడవలికైనా సరే, సిద్ధమ్మ ఊఁ అనందే గురవయ్య సుత్తి ఎత్తేవాడు కాదు. "ఈ ఇనుములో చారలెక్కడివి, ఎందుకయ్యా ఆగడం?" అని ఆమె నవ్వేది. "నువ్వు అనవే, నేను వినాలి" అనేవాడు.

ఏంటీ? ఆ చిన్న కత్తి ఏమైందా? నిద్రపోయావనుకున్నానే! అదా... బీరకాయలు తరిగీ, వంకాయలు తరిగీ మొద్దుబారేది. గురవయ్యే కూర్చుని దానికి పదును పెట్టేవాడు. పెట్టిన ప్రతిసారీ కాస్త అరిగేది. చారలు అరిగిపోతున్నాయని ఆయనకి తెలుసు. ఇంకొకటి చెయ్యలేడనీ తెలుసు. అలా అరిగి అరిగి, చివరికి చింతాకంత మిగిలింది. దాన్ని సిద్ధమ్మ కొంగున కట్టుకుని తిరిగేదట.

ఊఁ... ఇక కళ్ళు మూసుకో.

బుస్సు బుస్సు తిత్తి, ఠంగు ఠంగు సుత్తి,
అరిగి అరిగి పోయె చారలున్న కత్తి.
కథ నడిచిపోయింది కంచి వాకిటికి,
బుజ్జమ్మా, మనమూ పోదాం పద మన ఇంటికి.