కుర్చీలోంచి చూసిన బొమ్మ

తుమ్మలగరువులో ఏది మంచిదో తేల్చేది ప్రెసిడెంటు కోదండయ్యగారే. పంచాయతీ హాల్లో పాత ప్లాస్మా టీవీ తీసేసి, తాను కొన్న ఎల్‌ఈడీ పెట్టించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. రెండింటినీ పక్కపక్కన పెట్టించి ఒకే సినిమా వేయించారు. ఎప్పటిలాగే హాలు నడుమ తన కుర్చీలో కూర్చున్నారు. ఊరంతా ఎప్పటిలాగే రెండు గోడల వారన చాపల మీద సర్దుకుంది.

"చూశారా కొత్తదాని వెలుగు! పాతది రేపే పాతసామాన్లవాడికి ఇచ్చేస్తా."

పగలంతా బుట్టలల్లే గవరమ్మకు సాయంత్రం సీరియలొక్కటే కాలక్షేపం. ఆమె కూర్చున్న మూల నుంచి కొత్తదాంట్లో మనుషులు బూడిద పూసుకున్నట్టున్నారు. ఆ మాటంటే ఆయనకు కోపం.

"బాబూ, కొత్తదాంట్లో పెళ్లికూతురి చీర రంగేంటండీ? నాకు ఆనట్లేదు."

"పండుమిరప ఎరుపు! కళ్లు పోయాయా నీకు?"

"పోయినట్టే ఉన్నాయి. ఒక్కసారి ఇలా వచ్చి చూపించండి బాబూ."

ఆయన విసుక్కుంటూ వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డారు. చీర వెలిసిపోయి కనిపించింది. పాతదాంట్లో మాత్రం ఎర్రగానే ఉంది. లేచి అవతలి గోడ దగ్గరా కూర్చుని చూశారు. అక్కడా అంతే.

"నా కుర్చీలోంచి బాగానే ఉందే!" అని గొణిగారు.

"ఉంటుంది బాబూ. కుర్చీ ఒక్కటే, మేం అరవై మందిమి. మీ ఇంట్లో అయితే ఎదురుగా కూర్చునేది మీరొక్కరే కదా!"

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వేశారు.

కొత్త టీవీ ఆయన ఇంటికెళ్లింది. ఒక్కరూ ఎంతసేపు చూస్తారు? వారం తిరక్కుండానే గవరమ్మ పక్కన చాప మీదికి వచ్చి, "కాస్త జరుగు" అన్నారు.