నాలుగో రాయికి అటా, ఇటా?

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి చివర, ఊరూ కాని పొలమూ కాని ఒక బయలు. దాన్ని ముక్కలు కోసి ప్లాట్లు చేశారు. కాళ్ళు ముడుచుకుని పడుకో బంగారం, చెబుతా.

ఆ ఊళ్ళో తులిశమ్మ అని ఒకావిడ ఉండేది. మిరపకాయల తొడిమెలు తీసీ తీసీ ఇరవై ఏళ్ళు వేళ్ళు మండించుకున్న మనిషి. ఉంటున్న అద్దె గది ఖాళీ చెయ్యమన్నారు. అప్పుడు, దాచుకున్నదంతా తీసి ఒక ప్లాటు కొనుక్కుంది. అందులో ఒక రేకుల గది వేసుకోవాలి. అంతే ఆమె ఆశ.

ఏజెంటు కోటయ్య ఆమెను వ్యానెక్కించి తీసుకెళ్ళాడు. ఎండగా ఉందని దిగనివ్వలేదు. కిటికీలోంచి వేలు చూపించి, "అదిగో పిన్నీ, నాలుగో రాయి. అక్కడే నీది," అన్నాడు.

రాయికి అటు వైపా, ఇటు వైపా? ఈమె అడగలేదు. వాడు చెప్పలేదు. ముహూర్తం బాగుందా అని మాత్రం ముగ్గుర్ని అడిగింది! కొలిచేవాణ్ణి ఒక్కణ్ణీ పిలవలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మొదటి ఆదివారం వెళ్ళి, రాయికి ఇటు వైపు కొబ్బరికాయ కొట్టింది. రెండో ఆదివారం వెళ్ళి హద్దురాళ్ళకు సున్నం వేసింది. ఆ తర్వాత, నేల పల్లంగా ఉందని ట్రాక్టరు ఏసోబుకు మట్టి తోలమని చెప్పింది. మూడో ఆదివారం వెళ్ళి చూస్తే నేల అరుగులా లేచి ఉంది. పక్కనే, రాయికి అటు వైపు, నడుం లోతు గుంట.

"పాపం, ఎవరో గుంట కొనుక్కున్నారు," అని నవ్వుకుంది తులిశమ్మ.

అప్పుడొచ్చాడు పున్నారావు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. చేతిలో కాగితం.

"ఎవరమ్మా నువ్వు? నా స్థలంలో నీకేం పని?"

"నీ స్థలమా? కొబ్బరికాయ కొట్టింది నేను!"

"కొడితే నీదైపోద్దా? మా ఆవిడ శనివారం శనివారం కొడుతుంది. గుడి మాదైపోయిందా?"

అప్పుడు సర్వేయరును పిలిచారు. ఆయన గొలుసు పట్టి కొలిచాడు. తులిశమ్మ ఒప్పుకోలేదు. మూడుసార్లు కొలిపించింది. మూడుసార్లూ ఒకటే తేలింది. మెరక పున్నారావుది. గుంట తులిశమ్మది.

"మరి మట్టి ఎక్కడిది అమ్మమ్మా?"

అదే కదా బంగారం! ఏసోబును పిలిచి అడిగితే, "దూరం నుంచి తేవడం ఎందుకక్కా, పక్కన ఖాళీగా ఉంటే తవ్వి పోశా," అన్నాడు. అంటే ఆమె నేలే తవ్వి, ఆమె డబ్బుతోనే, పక్కవాడి నేలలో పోశాడు!

తులిశమ్మ బుర్ర తిరిగిపోయింది. గుంట తనది. మెరక తనది కాదు. మెరకలో మట్టి తనది. మట్టి కింద నేల తనది కాదు. ఏది చూసి ఏడవాలో తెలియక అక్కడే కూలబడింది.

ఆ తర్వాత లేచి, "అన్నయ్యా, నువ్వు అది తీసుకో, నేను ఇది తీసుకుంటా," అంది.

"గుంట నాకెందుకమ్మా?"

"అయితే నా మట్టి నాకియ్యి."

"నేను పొయ్యమన్నానా? సరే, తీసుకుపో. నా మట్టి ఒక్క తట్ట కదిలినా ఊరుకోను. నీదేదో నాదేదో ఎట్లా తెలుస్తది?"

తులిశమ్మ కాసేపు నేల వంక చూసింది. "గడ్డి మీదే కదా పోశాడు. ఆ గడ్డి కనపడ్డ చోట పార ఆపేస్తా."

మొదటి రోజు తవ్వి మోసింది. రెండో రోజూ మోసింది. పున్నారావు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. మూడో రోజు చితికిపోయిన గడ్డి బయటపడింది. అన్న మాట ప్రకారం ఆపేసింది. చూస్తే గుంట ఇంకా జానెడు పూడలేదు. ట్రాక్టరు చక్రాలకు అంటుకుపోయిందో, గాలికి పోయిందో. ఎవర్నని అడుగుతుంది?

ఆ జానెడు లోతులోనే గది వేసుకుంది. అందరిళ్ళలోకీ మెట్టెక్కి వెళ్తారు. తులిశమ్మ గదిలోకి మెట్టు దిగి వెళ్ళాలి. వానొస్తే గిన్నెతో నీళ్ళు తోడి బయట పోస్తుంది. తోడినంతసేపూ తిడుతుంది. కోటయ్యను కొంత, తనను కొంత. అయినా ఖాళీ చెయ్యమనేవాడు లేడు.

కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలో తూలిపడబోయి, "ఈ మెట్టేంటి పిన్నీ?" అంటారు.

"అదా? ఆ రోజు నేను అడగని మాట," అంటుంది తులిశమ్మ.

అటా ఇటా అడుగు, అడిగాకే నిలువు;
కథకేమో కంచి, నీ కళ్ళకు సెలవు.