వెన్న, జున్ను, శెట్టిగారి మల్లె

అనగనగా అని అందరూ మొదలెట్టేదే. నేనూ అలాగే మొదలెడతాను, మీరు మాత్రం మధ్యలో నిద్రపోకుండా ఊఁ కొట్టాలి. అనగనగా ఏటి ఒడ్డున మేడలూరు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇల్లు ఎంత చిన్నదైనా సరే, పైన ఒక మేడ ఉండాల్సిందే. ఆ మేడ మీద పావురాల గూడు ఉండాల్సిందే. ఇంట్లో వండుకోవడానికి పప్పులున్నా లేకపోయినా పావురాలకి మాత్రం జొన్నలూ శనగలూ చల్లాల్సిందే. అంత పావురాల పిచ్చి వాళ్ళకి!

ఆ ఊరిని ఏలే రాజు భీమభూపాలుడు. ఆయన పిచ్చి ఇంకాస్త ముదిరింది. పొద్దున్నే పావురాలు ఎగిరితేగానీ ఆయన పళ్ళు కూడా తోముకునేవాడు కాదు.

పావురాలుంటే తగువులూ ఉంటాయి కదా. "నా పావురాన్ని నువ్వు పట్టుకున్నావు" అని ఒకడు, "నీదెలా అవుతుందిరా, నాదే" అని ఇంకొకడు. అందుకని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. తగువు పడిన పక్షిని పడవలో ఏరు దాటించి, అవతలి నల్లరాతి గుట్ట మీద నుంచి ఎగరేస్తారు. అది ఎవరి మేడ మీద వాలితే వాళ్ళదే. దానికి ఎగరవేత తీర్పు అని పేరు. సాక్షులు అక్కర్లేదు, ఒట్లు అక్కర్లేదు. పావురానికి తన గూడు తనకి తెలుసు. ఆ తీర్పు తప్పిందని ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ వినలేదు.

ఆ ఊళ్ళోనే పానకాలశెట్టి అని ఒక వర్తకుడు ఉండేవాడు. అత్తరూ, గంధమూ, సాంబ్రాణీ అమ్మేవాడు. మంచివాడే సుమండీ. కాకపోతే, పావురాల సంగతి తనకి తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలీదని ఆయన నమ్మకం. "తోక చూపించండి చాలు, దాని తాతెవరో చెప్తాను" అనేవాడు. ఆయన దగ్గర మల్లె అని ఒక తెల్ల పావురం ఉండేది. ఎంత దూరం తీసుకెళ్ళి వదిలినా శెట్టిగారి కంటే ముందే ఇంటికొచ్చి కూర్చునేది.

అలాంటి మల్లె ఒక గాలివాన రోజున ఎగిరిపోయి, మళ్ళీ రాలేదు. పాపం శెట్టి! మెడ పట్టేసేదాకా ఆకాశం కేసే చూశాడు. అన్నం సయించలేదు. దుకాణంలో గంధం అడిగినవాళ్ళకి సాంబ్రాణి కట్టిచ్చాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ వీధికి ఒక కొత్త కోడలు వచ్చింది. పేరు నాంచారి. తాళ్ళు పేనే కోటప్ప పెళ్ళాం. ఆమెది ఎక్కడో అడవి పక్క పల్లె. పుట్టింటి నుంచి అందరూ చీరా సారే తెచ్చుకుంటే, ఆ పిల్ల ఒక వెదురు పంజరం తెచ్చుకుంది. అందులో తెల్ల గువ్వల జంట. ఆడది వెన్న, మగది జున్ను. కొత్త ఊళ్ళో ఎవరితో మాట్లాడాలో తెలియక, నాంచారి వాటితోనే మాట్లాడేది. ఆ కాలంలో పక్షులకి మాటలొచ్చు లెండి. వినే ఓపిక మనకుండాలి, అంతే.

ఒకనాడు నాంచారి బట్టలారేస్తోంది. వెన్న ఆ తీగ మీద కూర్చుని ఉంది. పక్క మేడ మీద నుంచి పానకాలశెట్టి చూశాడు. తెల్లగా ఉంది, రెక్కలున్నాయి. ఇంకేం కావాలి!

"అదుగో నా మల్లె!" అని అరుచుకుంటూ, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో, కాదు బాబుగారూ! ఇది మా వెన్న. మా అమ్మ ఇచ్చింది" అంది నాంచారి.

"ఏమ్మా, పావురాల సంగతి నాకే చెప్తావా? వానకి తడిసి చిక్కిపోయింది గానీ, ఇది మల్లే!"

కోటప్ప సర్దిచెప్పబోయాడు గానీ, ఎవరూ వినలేదు. మాటా మాటా పెరిగి, విషయం రాజుగారి దాకా వెళ్ళింది.

"దీనికింత గొడవెందుకు? మూడో నాటి పొద్దున్నే ఎగరేద్దాం. అందాకా మా గూట్లో ఉంటుంది" అన్నాడు రాజు.

నాంచారి చేతులు జోడించింది. "మహారాజా, ఇది పావురం కాదు, గువ్వ. పావురానికి ఇల్లు గుర్తుంటుంది. గువ్వకి దారులు తెలీవు. దానికి తెలిసిందల్లా దాని జంటా, దాన్ని సాకే చెయ్యీ. గుట్ట మీద వదిలేస్తే తిరిగి రాదు."

"రెక్కలున్న పక్షి ఇంటికి రాకపోవడమేమిటి!" అన్నాడు రాజు. సభంతా గొల్లున నవ్వింది. నాంచారి తల వంచుకుని ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు రాజుగారి పావురాల కాపరి వచ్చి, "ప్రభూ, ఆ పక్షి ఏమీ ముట్టడం లేదు. దోసెడు శనగలు పోసినా ఓ మూల ముడుచుకుని కూర్చుంది. మన పావురాలు దాన్ని తోసేస్తున్నాయి" అని చెప్పాడు.

అప్పటికే నాంచారి కోట గుమ్మంలో నిలబడి ఉంది. కొంగు ముడిలో కాసిని కొర్రలు తెచ్చింది. "దాని ముక్కు చిన్నది మహారాజా, ఆ పెద్ద గింజలు దిగవు. ఈ కొర్రలు పెట్టించండి. ఇంకొక్క మాట. దాన్ని ఎగరేస్తే ఏ చెట్టు కొమ్మ మీదో దిక్కులు చూస్తూ కూర్చుంటుంది. డేగ తన్నుకుపోతుంది" అంది.

రాజుగారికి విసుగొచ్చింది. "ఎగరేద్దామంటే ఇంత భయపడుతున్నావంటే, పక్షి నీది కాదన్నమాట. దొంగలకే ఇలాంటి భయాలుంటాయి" అన్నాడు.

ఎంత మాట! నాంచారికి కళ్ళ నీళ్ళు గిర్రున తిరిగాయి. అయినా కొర్రలు కాపరి చేతిలో పోసింది. వెళుతూ వెళుతూ గూటి దగ్గర ఆగింది.

"జున్ను తింటున్నాడా?" అని అడిగింది వెన్న.

నాంచారి కొంగుతో కళ్ళు ఒత్తుకుని ముందుకి కదిలింది. జున్ను తినడం లేదు మరి. ఇంటి దగ్గర పంజరంలో, వెన్న రోజూ కూర్చునే మూలకేసి చూస్తూ అలాగే కూర్చుని ఉన్నాడు.

ఇక్కడ ఇలా ఉందా! అక్కడ శెట్టిగారింట్లో ఏమైందో చూడండి. ఆ సాయంత్రం ఆయన మేడ మీద గింజలు చల్లుతుంటే, ఆకాశంలోంచి ఏదో తెల్లగా ఊగుతూ తూగుతూ వచ్చి గూటి ముందు వాలింది. తోక ఈకలు సగం లేవు. కాలి మీద గాయం. అయినా ఛాతీ విరుచుకునే నిలబడింది.

"అయ్యా, వచ్చేశాను. గాలి నన్ను కొండలవతలికి కొట్టేసింది. అందుకే ఆలస్యమైంది" అంది మల్లె.

శెట్టి ఆనందం పట్టలేకపోయాడు. మల్లెని గుండెలకి హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకున్నాక గుర్తొచ్చింది. మరి ఆ రాజుగారి గూట్లో ఉన్నదెవరు?

నిజం చెబితే ఊరంతా ఏమంటుంది? 'తోక చూసి తాత పేరు చెప్పే శెట్టికి గువ్వేదో పావురమేదో తెలియలేదట' అని నవ్వదూ? రేవులో పడవవాళ్ళు కూడా నవ్వరూ? పోనీ, చెప్పకపోతే? ఎల్లుండి... ఎల్లుండి కూడా కాదు, రేపే ఎగరేస్తారు. గువ్వ ఎటో పోతుంది. దాంతో తగువూ పోతుంది. ఎవరూ ఏమీ అడగరు.

అలా అనుకుని, మల్లెని సాంబ్రాణి బస్తాల గదిలో పెట్టి గడియ వేశాడు.

గదిలోంచి మల్లె అడిగింది. "అయ్యా, నీ గూడు కోసం కొండలు దాటుకుని వచ్చాను కదా. వచ్చినదాన్ని ఎందుకు దాస్తున్నావు?"

శెట్టి చెవులు మూసుకుని మెట్లు దిగిపోయాడు. ఆ పూట కూడా ఆయనకి అన్నం సయించలేదు. ఈసారి కారణం వేరు లెండి.

మూడో నాటి పొద్దున్నే ఊరు ఊరంతా పడవలెక్కి నల్లరాతి గుట్టకి వచ్చేసింది. తమాషా అంటే జనానికి ఎంత ఓపికో! కాపరి రెండు చేతుల మధ్య వెన్న. దూరంగా ఆకాశంలో ఒక డేగ తీరిగ్గా తిరుగుతోంది. రాజు చెయ్యి ఎత్తబోయాడు.

"ఆగండి మహారాజా!"

జనాన్ని తోసుకుంటూ నాంచారి వచ్చింది. చేతిలో వెదురు పంజరం. అందులో జున్ను. వెనకాల కోటప్ప, పాపం, ఆయాసపడుతూ వచ్చాడు.

"నాకీ తీర్పు వద్దు. పక్షి నాది కాదు. శెట్టిగారిదే అని రాసేసుకోండి. నన్ను దొంగ అన్నా సరే. దాన్ని మాత్రం ఎగరేయకండి" అంది.

నాంచారి నేరుగా పానకాలశెట్టి దగ్గరికి వెళ్ళి పంజరం ఆయన చేతుల్లో పెట్టింది.

"వీణ్ణి కూడా తీసుకెళ్ళండి బాబుగారూ. జంట విడిపోతే రెండూ బతకవు. కొర్రలో సామలో పెట్టండి, శనగలు వద్దు. మేడ మీద వదిలెయ్యకండి, వీటికి దారి తెలీదు. వసారాలో, పిల్లి అందుకోలేని చోట పెట్టుకోండి. పొద్దున్నే కాసేపు వేలి మీద కూర్చోబెట్టుకుని మాట్లాడండి. మాట్లాడకపోతే బెంగ పెట్టుకుంటాయి..."

ఇంకేదో చెప్పబోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడు కాపరి చేతుల్లోంచి వెన్న సన్నగా పిలిచింది. కూ... కుక్కూ... పంజరంలో జున్ను లేచి నిలబడ్డాడు. తల పైకీ కిందకీ ఊపుతూ, గొంతు ఉబ్బించి బదులు పలికాడు. పంజరం పట్టుకున్న శెట్టి ఆ రెండిటినీ మార్చి మార్చి చూశాడు. వచ్చినదాన్ని ఎందుకు దాస్తున్నావు అన్న మల్లె మాట చెవిలో గింగురుమంది.

"మహారాజా!" అని మోకాళ్ళ మీద కూలబడ్డాడు శెట్టి. "ఈ పిల్ల దొంగ కాదు, నేనే దొంగని. నా మల్లె నిన్న సాయంత్రమే ఇంటికొచ్చింది. నలుగురూ నవ్వుతారని గదిలో దాచాను. నా పరువు కోసం ఈ చిన్న ప్రాణాన్ని డేగకి వదిలేద్దామనుకున్నాను."

రాజుగారి ముఖం కందగడ్డలా అయిపోయింది. కోప్పడతాడనే అనుకున్నారంతా. ఆయన మాత్రం, "ముందు ఆ మల్లెని తీసుకురండి" అన్నాడు.

పడవ వెళ్ళి మల్లెని తెచ్చింది. రెండిటినీ పక్కపక్కన పెట్టారు. అప్పుడుగానీ ఊరి కళ్ళు తెరుచుకోలేదు! మల్లె మెడ లావు, ఛాతీ వెడల్పు, ముక్కు మీద తెల్లటి బుడిపె. వెన్న తల చిన్నది, మెడ సన్నం, ఒళ్ళంతా కలిపి మల్లెలో సగం లేదు. రంగు ఒక్కటే ఒకటి.

రాజు మల్లెని ఎగరేశాడు. తోక సగం లేకపోయినా, అది టపటపా రెక్కలు కొట్టుకుంటూ లేచి, గుట్ట చుట్టూ ఒక్కసారి తిరిగి, ఏటి మీదుగా తిన్నగా శెట్టిగారి మేడ దారి పట్టింది. జనం ఈలలు వేశారు.

తర్వాత కాపరిని చేతులు విప్పమన్నాడు. వెన్న ఆకాశం కేసి చూడనైనా చూడలేదు. ఊరి కేసీ చూడలేదు. తుర్రున దూకి పంజరం మీద వాలింది. వెదురు పుల్లల సందులోంచి జున్ను ముక్కుకి ముక్కు ఆనించింది. ఆ వెంటనే వెళ్ళి నాంచారి భుజం మీద కూర్చుంది.

"ఇది కూడా ఇంటికి వెళ్ళినట్టే కదూ!" అన్నాడు రాజు. ఆమె వైపు తిరిగి, అందరూ వినేలా ఇలా అన్నాడు. "అమ్మా నాంచారీ, నువ్వు రెండుసార్లు చెప్పావు. నేను రెండుసార్లూ వినలేదు. పైగా దొంగవన్నాను. తప్పు నాది. ఈ శెట్టికి ఏం శిక్ష వెయ్యమంటావో నువ్వే చెప్పు."

నాంచారి కళ్ళు తుడుచుకుంది. "శిక్షెందుకు మహారాజా? నిజం ఆయనే చెప్పారు కదా. కాకపోతే, ఇంటికొచ్చిన మల్లెని చీకటి గదిలో పెట్టారు. దానికి మాత్రం క్షమాపణ చెప్పుకోమనండి" అంది.

చెప్పుకున్నాడు. మేడ మీద చేతులు కట్టుకుని నిలబడి, పావురానికి క్షమాపణ చెప్పుకున్నాడు పానకాలశెట్టి. వీధి వీధంతా చూసి నవ్వింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఏ నవ్వుకైతే అంత భయపడ్డాడో, ఆ నవ్వులో ఆయన కూడా కలిసిపోయాడు. ఆ పూట రెండు విస్తళ్ళ అన్నం తిన్నాడు.

అక్కడి నుంచి మేడలూరిలో ఏ పక్షి తగువు వచ్చినా, రాజు మొదట అడిగే మాట, "ఇది పావురమా, గువ్వా?" అని. పెంచుకుందామని పక్షిని కొనేవాళ్ళు కూడా ముందు నాంచారి వసారాకి వచ్చి అడిగి వెళ్ళేవారు. ఎవరితో మాట్లాడాలో తెలియని ఆ కొత్త కోడలికి ఇప్పుడు మాట్లాడి మాట్లాడి నోరు నొప్పెట్టేది!

కొన్నాళ్ళకి వెన్న రెండు గుడ్లు పెట్టింది. పిల్లలు పెద్దవయ్యాక ఆ రెండు పిల్లల్నీ నాంచారి ఎవరికిచ్చిందనుకున్నారు? పానకాలశెట్టికే. ఆయన వాటిని వసారాలో, పిల్లి అందుకోలేని చోట పెట్టుకుని, పొద్దున్నే వేలి మీద కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేవాడు. పైన మేడ మీద నుంచి మల్లె తొంగి చూసేది. నాంచారి ఆయన గుమ్మం ముందు నుంచి వెళుతుంటే, "ఏమ్మా, సామలు తడిపి పెట్టొచ్చా?" అని అడిగేవాడు. అవును, పావురాల సంగతి అందరికంటే బాగా తెలిసిన ఆ శెట్టిగారే!

కాబట్టి పిల్లలూ, ఏ ప్రాణినైనా పెంచుకునే ముందు దాని తీరు తెలుసుకోవాలి. తెలియక తప్పు చేస్తే, నలుగురూ నవ్వినా సరే, తెలిసిన వెంటనే ఒప్పుకోవాలి.