ఖాయమన్న సీటు

తిప్పేస్వామి ఒక పిల్లవాడికి ఒక మాట చెప్పాలి. అది తన నోటితో చెప్పే ధైర్యం లేక, గురువుగారి చేత చెప్పిద్దామని గుంతకల్లులో రైలు దిగాడు.

గురువు పేరు ఖాసింపీరా. ఒకప్పుడు రైల్వే జట్టుకు ఫుట్‌బాల్ ఆడినవాడు. ఎనభైకి దగ్గర పడినా పొద్దునా సాయంత్రం మైదానంలో పిల్లలకు బంతి ఆట నేర్పుతాడు. మిగిలిన వేళంతా నమాజూ, జపమాలా. ఊళ్ళో అందరికీ ఆయన ఉస్తాద్. చిన్నప్పుడు తిప్పేస్వామికి బూట్ల తాళ్ళు కట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే.

ఇప్పుడు తిప్పేస్వామి పట్నంలో ఒక ప్రైవేటు కాలేజీకి ఫుట్‌బాల్ కోచ్. ఊరూరూ తిరిగి, బాగా ఆడే పదహారు పదిహేడేళ్ళ పిల్లల్ని వెతికి కాలేజీకి తేవడం అతని పని. ఫీజు లేదు, హాస్టలు ఉచితం, చివర ఒక డిగ్రీ. కూలి చేసుకునే తల్లికి అంతకన్నా ఏం కావాలి?

అయితే ఆ పద్ధతి ఎలా నడుస్తుందో కాస్త చెప్పాలి. కాలేజీ ఇచ్చేవి నాలుగు సీట్లు. కోచ్ మాటిచ్చేది పదకొండు మందికి. ఒక్కొక్కడినీ విడిగా పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యేసి, "నీ సీటు ఖాయం, ఇంకెక్కడికీ పోవద్దు" అంటాడు. ఎందుకంటే ఒకడు వేరే కాలేజీకి పోవచ్చు, ఒకడు పరీక్ష తప్పొచ్చు, ఒకడికి దెబ్బ తగలొచ్చు. ఎంతమంది జారిపోయినా నలుగురు మిగలాలి కదా! ఈ సంగతి ఆ పిల్లలకు తెలియదు. ఎవరింట్లో వాళ్ళు బట్టలు సర్దుకుంటూ ఉంటారు.

తిప్పేస్వామి వెళ్ళేసరికి ఉస్తాద్ వసారాలో పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతున్నాడు.

"రా బేటా. ఏమప్పా, బొజ్జ వచ్చిందే నీకు! పిల్లకాయల్ని నువ్వు పరిగెత్తిస్తాండావా, కుర్చీలో కూచోని ఈల ఊదుతాండావా?"

తిప్పేస్వామి నవ్వలేదు. "ఓబులేసు గురించి వచ్చినా ఉస్తాద్," అన్నాడు.

ఇప్పుడు ఉస్తాద్ దగ్గర ఆడుతున్న వాళ్ళలో ఓబులేసు మేటి. తండ్రి లేడు. తల్లి శనక్కాయల మిల్లులో కూలి. ప్రభుత్వ స్పోర్ట్స్ హాస్టల్లో చోటు వస్తే, తిప్పేస్వామి మాట నమ్మి దాన్ని వద్దనుకున్నాడు.

"మా ఎండాకాలం క్యాంపులో వాని మోకాలు దెబ్బతినింది ఉస్తాద్. కాలేజీ వాళ్ళు స్కాన్ తీయించినారు. లోపల నరం తెగిపోయిందంట. ఆపరేషన్ చెయ్యాల, ఏడాది పైనే పడ్తాదంట. మేనేజ్‌మెంటు వద్దనేసినారు. వాని సీటు ఇంకొకనికి ఇచ్చేసినారు."

"వానికి తెలుసునా?"

"లేదు. వాపు దిగితే అంతా సరిపోతాదని చెప్పినా."

"సర్కారు హాస్టలు?"

"అది నిండిపోయింది."

ఉస్తాద్ తెడ్డు తిప్పుతూనే ఉన్నాడు.

"మీరు చెప్పండి ఉస్తాద్. మీరు చెప్తే వాడు తట్టుకుంటాడు. దేవుడు ఇంకో దారి చూపిస్తాడని, అట్ల ఏదన్నా చెప్పండి. నాకు నోరు రావడం ల్యా." తిప్పేస్వామి ఆగి, ఎవరో అడిగినట్టుగా మళ్ళీ అందుకున్నాడు. "నేనొక్కణ్ణే చేసే పని కాదు ఇది. అన్ని కాలేజీల కోచ్‌లూ ఇంతే. నేను చెయ్యకపోతే నా కుర్చీలో ఇంకొకడు కూచోని చేస్తాడు."

ఉస్తాద్ సంగటి దించాడు.

"తిన్నావా?"

"లేదు. పొద్దున్నే బయల్దేరినా."

"కూచో."

విస్తరి వేసి నీళ్ళు చిలకరించాడు. పొగలు కక్కుతున్న ముద్ద పెట్టి, నడుమ గుంత చేసి, కోడి పులుసు పోశాడు. అడగవలసింది అడిగేసిన మనిషికి అప్పుడే ఆకలి తెలిసింది. తిప్పేస్వామి ముద్ద తుంచి పులుసులో అద్దాడు.

గేటు చప్పుడైంది. రోజూ ఆ వేళకు అక్కడికి తినడానికి వచ్చే ఓబులేసు, గోడ పట్టుకుని కుంటుతూ లోపలికి వచ్చాడు. కోచ్‌ను చూడగానే వాడి ముఖమంతా వెలిగింది.

"లెయ్యి," అన్నాడు ఉస్తాద్.

ఆ మాట తననే అని తిప్పేస్వామికి తట్టలేదు. "ఏమి ఉస్తాద్?"

"లెయ్యి బేటా. నీ విస్తరి ఇంకొకరికి ఇచ్చేసినా."

"పక్కన ఇంత జాగా ఉంది కదా..."

"లెయ్యి."

ఏ కులమైనా, ఏ మతమైనా, మన వైపు తినేవాణ్ణి విస్తరి ముందు నుంచి లేపరు. పగవాడితో తగువైనా సరే, వాడు చెయ్యి కడుక్కున్నాకే మొదలుపెడతారు. తిప్పేస్వామి ముఖం నల్లబడింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా లేచి నిలబడ్డాడు.

"అయ్యో, ఇదేంది ఉస్తాద్!" ఓబులేసు గబగబా రాబోయి, మోకాలు వంగక స్తంభం పట్టుకున్నాడు. "సార్, మీరు కూచోండి. తినేవాళ్ళను లేపుతారా ఎవరన్నా? పాపం తగులుకోదూ!"

ఉస్తాద్ ఇంకో విస్తరి తెచ్చి, వాణ్ణి కాలు చాపి కూర్చోబెట్టి, ముద్ద పెట్టాడు. తర్వాత వెళ్ళి, వాళ్ళిద్దరికీ వీపు పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు.

ఉస్తాద్ ఎందుకో కోపంగా ఉన్నాడు, సార్ నొచ్చుకున్నాడు, మాట మార్చాలి అనుకున్నాడు ఓబులేసు.

"సార్, మీరు చెప్పినట్లే చేసినా. క్యాంపులో ఆ పొద్దు మోకాలు పట్టేసిందని ఎవురికీ చెప్పలేదు. కాలేజీ చైర్మన్ గారు చూస్తాండారని చివరిదాకా ఆడినా. బాగా ఆడినా కదా సార్?"

"బాగా ఆడినావు."

"మా యమ్మ పెట్టె కొనింది సార్, తాళంతో సహా. తాళంచెవి నా మెళ్ళో కట్టుకోమంటాంది, చిన్నపిల్లోనికి మాదిరి. ఎప్పుడు రమ్మంటారు?"

తిప్పేస్వామి ఉస్తాద్ వైపు చూశాడు. ఆ వీపు కదల్లేదు.

అప్పుడు చెప్పాడు. ముందు స్కాన్ దగ్గర మొదలుపెట్టాడు. తడబడి, మళ్ళీ మొదటికి వచ్చాడు. ఆపరేషన్ అన్నాడు, సీటు పోయిందన్నాడు. చివరికి, ఎవరూ అడగకుండానే, "నీకొక్కనికే కాదురా, ఇంకా పదిమందికి ఇట్లనే చెప్పినా," అన్నాడు.

ఓబులేసు తరగతిలో పాఠం వింటున్నవాడిలా విన్నాడు.

"ఆపరేషన్‌కు కాలేజీ వాళ్ళు..."

"ఇయ్యరు."

"హాస్టలు వాళ్ళను బతిమాలుకుంటే?"

"అయిపోయింది ఓబులేసూ."

పిల్లవాడు కాసేపు తన మోకాలి వైపు చూసుకున్నాడు. తర్వాత తెలుసుకోవాలన్నట్టుగానే అడిగాడు, గొంతులో కోపమేమీ లేదు.

"ఆ పొద్దు నేను ఆడకుండా ఆగిపోయింటే, కాలు బాగుండేదా సార్?"

తిప్పేస్వామి చేతిలో ముద్దను విస్తరిలో పెట్టేశాడు.

ఓబులేసు విస్తరిని మడిచాడు. ముద్ద ముట్టలేదు. గోడ పట్టుకుని లేచి, "వస్తా ఉస్తాద్," అన్నాడు. ఎండలో వాడు కాలీడ్చుకుంటూ పోతున్న చప్పుడు గేటు దాటేదాకా వినబడింది.

"ఆపలేదేమి ఉస్తాద్?" అన్నాడు తిప్పేస్వామి. "ఆకలితో పోతాండాడు."

ఉస్తాద్ లేచి వచ్చి మడిచిన విస్తరిని రెండు చేతులతో ఎత్తాడు.

"నువ్వు మాటిచ్చిన మిగిలినోళ్ళు ఏ ఊర్లల్లో కూచోనుండారు బేటా?"

తిప్పేస్వామి చెయ్యి కడుక్కున్నాడు.

"ఆదోనిలో ఒకడు," అన్నాడు తిప్పేస్వామి. "ధర్మవరంలో ఇద్దరు. కదిరిలో..."

"ఆదోని బండి ఇంకా పోలేదు," అన్నాడు ఉస్తాద్.