బాద్షా మోకాలు

కాలవగట్టున పేరయ్య దొడ్డిలో ఒక గేదె, ఒక కోడి, ఒక ముసలి గుర్రం ఉండేవి. గేదె పేరు చుక్కమ్మ. నుదుట తెల్లచుక్క, నోట్లో ఎప్పుడూ నెమరు, తొందరంటే ఏమిటో తెలియని జీవి. కోడి పేరు పింగళ. నోటికి తాళం లేదు, వెనక తొమ్మిది పిల్లలు. గుర్రం బాద్షా. పేరుకు తగ్గ రాజసం మెడలో మిగిలింది గానీ మోకాళ్లలో మిగల్లేదు.

పదిహేనేళ్లు రైలు స్టేషనుకూ ఊరికీ మధ్య జట్కా లాగాడు బాద్షా. ఆటోలొచ్చాక జట్కా మూలపడింది. జట్కావాడు కళ్లు తుడుచుకుంటూ పగ్గం తెచ్చి పేరయ్య చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

పశువుల డాక్టరు వచ్చి, వాచిన ముందుకాలు నొక్కి చూశాడు. "నిలబెట్టేస్తే బిగుసుకుపోతుంది, పరిగెత్తిస్తే కూలిపోతుంది. రోజూ మెల్లగా నడిపించు పేరయ్యా, అంతే" అన్నాడు.

ఆ 'అంతే' బాద్షా గుండెలో ముల్లులా దిగింది.

"నడకతో పాటు నాతో కాలవలోకి కూడా రావయ్యా" అంది చుక్కమ్మ. "నీళ్లలో నడిస్తే ఒంటి బరువు నీళ్లే మోస్తాయి. నా కీళ్లు ఈ వయసులో పనిచేస్తున్నాయంటే అందుకే."

"గేదెలతో కలిసి బురదలోకా? నేనా?"

"బురద ఎవరి పుట్టుపూర్వోత్తరాలూ అడగదయ్యా."

బాద్షా వినలేదు. దొడ్డిలోనే కంచె పక్కగా గుండ్రంగా నడిచేవాడు. అది కూడా సిగ్గే. కంచె మీద కొంగ వాలితే చాలు, ఆగిపోయి గడ్డి కొరుకుతున్నట్టు నటించేవాడు.

ఆ నడక పింగళకు మాత్రం కొండంత అండ. మధ్యాహ్నం పేరయ్య అన్నానికి వెళ్తాడు, చుక్కమ్మ కాలవలో ఉంటుంది. నక్క కాచుకుని ఉండేది ఆ వేళకే.

"మామా, ఆ కాసేపూ నువ్వు తిరుగుతూంటే చాలు" అంది పింగళ. "నీ డెక్కల చప్పుడు వింటే నక్క ఇటు తొంగిచూడదు. మాటిస్తావా?"

"ఇచ్చాను పో" అన్నాడు బాద్షా.

ఒక మధ్యాహ్నం కంచె అవతల నుంచి నక్క గొంతు వినిపించింది.

"ఎవరూ, బాద్షా దొరేనా? నేనింకా గానుగెద్దేమో అనుకున్నాను."

బాద్షా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నోరు జాగ్రత్త."

"అయ్యో, తప్పు పట్టకు దొరా, కడుపు తరుక్కుపోయి అన్నాను. స్టేషను రోడ్డు మీద నీ దౌడు చూసి మా అమ్మ కథలు కథలుగా చెప్పేది. అలాంటివాడు కోడిపిల్లల వెనక కాళ్లీడుస్తున్నాడు!"

"మోకాలు బాగాలేదు. డాక్టరు వద్దన్నాడు."

"ఏ డాక్టరు? ఆ గేదెల డాక్టరా? జాతిగుర్రం సంగతి వాడికేం తెలుసు? నెత్తురు వేడెక్కితే పట్టేసిన కీలు దానంతటదే వదులుతుంది. అదిగో ఆ మట్టిదిబ్బ. అక్కడి దాకా ఒక్క దౌడు తీసి రా. మునుపటి బాద్షావి నువ్వే అవుతావు. నాదేం పోయింది, చూసి ఆనందిస్తాను."

పొగడ్తకు పొంగనిది పాలు మాత్రమే అంటారు, అదీ పొయ్యి మీద లేనప్పుడు. బాద్షా తలతో తడిక తలుపును తోసి బయటపడ్డాడు. మూయాలన్న ఆలోచన కూడా రాలేదు.

మొదటి వంద అడుగులు నిజంగానే పాత రోజులు. జూలులో గాలి, కాళ్ల కింద నేల, మనసులో స్టేషను గంట. ఆ తర్వాత ఊపిరి కొలిమితిత్తిలా కొట్టుకుంది. దిబ్బ అంచున మోకాలు మడతపడింది. బాద్షా మొహం నేలకు కొట్టుకునేలా పడిపోయాడు.

అలా పడి ఉండగా దొడ్డిలోంచి పింగళ అరుపు వినిపించింది.

లేవబోయాడు. కాలు లేవలేదు. మళ్లీ లేవబోయాడు. మూడు కాళ్ల మీద కుంటుకుంటూ దొడ్డికి చేరేసరికి అరుపు ఆగిపోయింది. తడిక తెరిచే ఉంది. గడప దగ్గర పసుపుపచ్చని నూగు గాలికి ఎగురుతోంది. పింగళ గడ్డివాము కింద ఆరు పిల్లల్ని రెక్కల్లో పొదువుకుని వణుకుతోంది. ఆరే.

"మామా, ఎక్కడికెళ్లావు?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. "నక్క... నక్క కనిపించింది. తరుముకుంటూ వెళ్లాను. గోతిలో కాలు పడింది" అన్నాడు బాద్షా.

పింగళ కళ్లలో నీళ్లు నిండాయి. "ఆ కాలుతో నా పిల్లల కోసం పరిగెత్తావా? అయితే వచ్చింది ఇంకో నక్క. నీదేం తప్పు లేదు మామా."

మర్నాటి నుంచి ఆ కోడి ఊరుకుందా? కంచె మీది కొంగకు చెప్పింది, కాకికి చెప్పింది, పక్క దొడ్డి మేకకు చెప్పింది. "మోకాలు విరుగుతున్నా ఆగలేదట మా మామ!" రాలిన జొన్నగింజల్ని ముక్కుతో తోసి బాద్షా ముందు పోగేసేది. "నువ్వు తిను, నీకు బలం కావాలి." బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి తన నోటి దగ్గర గింజ తెచ్చి పెడుతూంటే బాద్షా మొహం పక్కకు తిప్పుకునేవాడు. తిట్టి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నాడో!

నాలుగో రోజు చుక్కమ్మ నెమరు ఆపి అంది. "ఆ మధ్యాహ్నం నేను కాలవలోంచి చూశానయ్యా. నువ్వు పరిగెత్తుతూంటే నీ ముందు ఏ నక్కా లేదు."

బాద్షా తల వాల్చేశాడు. "ఎందుకు చెప్పలేదు దానికి?"

"చెప్పాల్సింది నేనా?"

సాయంత్రం బాద్షా కుంటుతూ పింగళ దగ్గరికి వెళ్లాడు. నక్క పొగిడిందనీ, తాను ఉబ్బిపోయాననీ, తడిక తెరిచిపెట్టి పోయాననీ, ఆ పైన అబద్ధమాడాననీ ఒక్కొక్కటీ చెప్పాడు. "ముసలివాణ్ణయ్యానని ఒప్పుకోడానికి సిగ్గేసింది పింగళా. ఆ సిగ్గుకు నీ పిల్లల్ని బలిచ్చాను."

పింగళ ఆరు పిల్లల్నీ రెక్కల కిందికి లాక్కుంది. "కాలు నొప్పని ఒక్క మాటంటే నేనేమైనా నవ్వేదాన్నా?" అంది. "ఆ మోకాలు బాగుచేసుకో. నిన్ను క్షమించి చెప్పడం లేదు. నాకింకా ఆరుగురున్నారు" అని పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది.

తెల్లవారగానే బాద్షా చుక్కమ్మ వెనకాల కాలవలో దిగాడు. గట్టు మీద కొంగలన్నీ మెడలు సాచి చూశాయి. చూడనిచ్చాడు. నిండా మునిగాక చలేమిటి? మొదటి రోజు పది అడుగులు, ఆయాసం వస్తే ఆగడం. నొప్పి ఉన్న రోజు ఐదే. నెల తిరిగేసరికి నాలుగు కాళ్లూ నేలమీద ఆనించి దొడ్డి చుట్టూ తిరగగలిగాడు.

నక్క మళ్లీ వచ్చింది. "దొరా, ఆ నడకేమిటి? నీ దౌడు చూద్దామని ఎంత దూరం నుంచి వచ్చానో!"

"నాకు మోకాళ్ల నొప్పి" అన్నాడు బాద్షా, దొడ్డంతా వినేలా. "పరిగెత్తలేను. నడవగలను."

నక్క ఇంకేదో పొగడబోయింది. పట్టుకోవడానికి పిడి దొరకలేదు. బాద్షా ఆగలేదు. టక్, టక్, టక్. ఆ చప్పుడు తన వైపే వస్తూంటే నక్క ఖాళీ కడుపుతో పొదల్లోకి జారుకుంది.

బాద్షాకు మాత్రం గెలిచినట్టు అనిపించలేదు. పింగళ వెనక నడిచే ఆరింటినీ చూసినప్పుడల్లా తల దానంతటదే వాలిపోయేది. అయినా ఏ మధ్యాహ్నమూ నడక మానలేదు.

నీతి: ఒంట్లో లోపం చెప్పుకోవడం సిగ్గు కాదు, దాన్ని దాచబోయి ఇంకొకరి కొంప ముంచడమే సిగ్గు.