నూకాలు కుండలో పలికించిన మాట

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త ఎరకమ్మ. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను. నాకు అక్షరాలు కొంచెమే వచ్చు. ఒత్తులు తప్పితే తప్పుతాయి, కథ మాత్రం తప్పదు.

కొండలకి ఇంకా బండిదారి పడని రోజుల్లో, ఏటి ఇవతల ఒక సంత ఉండేది. సంతకి పోయే దారిలో, ఊరికి దూరంగా, కుండలు కాల్చే ఆవం. ఆ ఆవం దగ్గర కుమ్మరి నూకాలు. మొగుడు లేడు, పిల్లల్లేరు, పలకరించే మనిషి లేదు.

వారానికోసారి కొండమీంచి సవరలు దిగేవారు. వాళ్ళ భాష వేరు. తెలుగులో నోరు తెరిస్తే సంత పెత్తందారు మొదలుకొని సంతంతా నవ్వేది. అందుకని నోరు మూసుకుని, ఇచ్చింది పుచ్చుకుని పోయేవారు.

ఒక సంతరోజు సోంబారి అనే సవర మనిషి చింతపండు బుట్ట పక్కన పెట్టుకుని ఆవం దగ్గర ఏడుస్తోంది.

"ఏటే, ఏటయింది?" అంది నూకాలు.

"నా మాట... వాళ్ళు నవ్వు."

నూకాలు ఒక కొత్త కుండ తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టింది. "దీనికి చెప్పు. ఇది నవ్వదు."

"బుట్ట చింతపండుకి కుంచం ఉప్పు ఇవ్వాల," అంది సోంబారి. కుండ గుమ్మని పలికింది. సోంబారి ఉలిక్కిపడింది.

"నా గొంతేనా?"

"నీదే. ఇంత గొంతు పెట్టుకుని పిల్లిలా నక్కుతావేటి?"

నూకాలు నేర్పే తీరు ఇది: మొదటిసారి కుండకి చెప్పాలి. రెండోసారి నూకాలుకి చెప్పాలి. మూడోసారి నూకాలు షావుకారులా కాలుమీద కాలేసుకుని, "ఓసోసి, కొండగొర్రె మాటాడుతోందిరోయ్!" అని వెక్కిరిస్తుంటే చెప్పాలి. ఏడుపొచ్చినా ఆపకూడదు. తప్పు పోతే మధ్యలో దిద్దేది కాదు నూకాలు.

సోంబారి ఆ రోజు కుంచం ఉప్పు తెచ్చుకుంది. పై వారం పదిమంది వచ్చారు. నూకాలు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఒక్కటే అడిగేది.

"సంతయ్యాక ఇటే రండర్రా. ఎవరితో ఏం మాటాడారో నాకు చెప్పండి."

"వస్తాం మామ్మా," అనేవారు.

సంత అవతలి కొస నుంచి కొండకి అడ్డదారి ఉంది. పొద్దు వాలకుండా ఇల్లు చేరాలి కదా, అటే పోయేవారు. నూకాలు అంబలి కాచి దారి చూసేది. ఎవరూ రాలేదు. పై వారం కాచింది. ఎవరూ రాలేదు. ఆ పై వారమూ కాచింది. ఎవరూ రాలేదు.

ఏళ్ళు గడిచాయి. అందరికీ మాట వచ్చింది. ఆ దారే మానేశారు. చివరికి నూకాలు తనే కుండలో నోరు పెట్టి, "బాగున్నావేటి నూకాలూ?" అనుకునేదట.

ఒకనాడు సోంబారి తన కూతురికి మాట నేర్పించాలని ఆ దారిన దిగింది. ఆవం చల్లగా ఉంది. నూకాలు పోయి మూడు రోజులైంది. ఊళ్ళో ఎవరికీ తెలీదు.

సోంబారి సంత నడిమధ్యన నిలబడి తెలుగులో అరిచింది. "మా మామ్మ చచ్చిపోయింది! పాడె మొయ్యడానికి రండి!" మొదటిసారి నవ్వారు. రెండోసారి నవ్వు ఆగింది. మూడోసారి తక్కెళ్ళు కింద పెట్టి లేచారు.

ఇప్పటికీ ఆ సంతకొచ్చే సవరలు, ఎంత పొద్దుపోయినా, అడ్డదారిన పోరు. ఆవం దిబ్బ దగ్గర కూర్చుని, ఆ రోజు ఎవరితో ఏం మాటాడారో గట్టిగా చెప్పాకే ఏరు దాటుతారు.

ఆ దిబ్బ మీద ఒక రాయి ఉంది. సవరలకి మాట నేర్పింది తమ తాతేనని సంత పెత్తందారు మనవలు చెక్కించుకున్నారు. నవ్వినవాళ్ళలో ముందు నవ్వింది ఆ తాతే. మా మేనత్త మర్చిపోలేదు, నేనూ మర్చిపోను. నాకు ఉలి పట్టడం రాదు. వచ్చినవాళ్ళెవరైనా ఉంటే ఆ పేరు కొట్టేసి, కుమ్మరి నూకాలు అని చెక్కండి.